వాసన నిషేధిత ప్రాంతం

మా ఆయనకు ముక్కు లేదని నేను అనను. ఉంది. కళ్లజోడు దానిమీదే నిలబడుతుంది. అంతకుమించి ఆ ముక్కు చేసిన పని మాత్రం ఇరవై రెండేళ్ల కాపురంలో నేను చూడలేదు. పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడి, పక్క క్వార్టర్సువాళ్లు కంగారుపడి తలుపు కొడితే, ముందుగదిలో పేపరు చదువుతున్న మనిషి తలెత్తి "ఎవరో వచ్చినట్టున్నారు, చూడు" అంటారు. అటువంటి మనిషి ఒకనాడు లోకంలోని వాసనలన్నిటి మీదా యుద్ధం ప్రకటిస్తారని పెళ్లిచూపులనాడు ఎవరూ చెప్పలేదు.

ఆయన ఉద్యోగం గురించి కాస్త చెప్పాలి. మా అత్తగారు ఉన్నన్నాళ్లూ ఎవరడిగినా "మావాడు గవర్నమెంటులో పెద్దాఫీసరు" అని అక్కడితో ఆపేసేవారు. ఏ శాఖ అంటే పశువుల శాఖ అనేవారు. అందులో ఏం చేస్తాడంటే మాత్రం ఆవిడకు వెంటనే మోకాలి నొప్పి వచ్చేది. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి కనక చెప్తున్నాను. మా ఆయన, డాక్టర్ త్రిమూర్తులు, ఘనీకృత వీర్య కేంద్రానికి అధిపతి. మేలుజాతి ముర్రా దున్నపోతుల నుంచి వీర్యం సేకరించి, సన్నటి గొట్టాల్లో నింపి, ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి పల్లెటూళ్ల పశువుల ఆసుపత్రులకు పంపుతారు. రైతులు ఎదకొచ్చిన గేదెను తోలుకొచ్చి సూది వేయించుకుపోతారు. మా చుట్టుపక్కల ఊళ్లలో జనం తాగే పాలకు మూలపురుషులు మా పెరటి గోడకు అవతలే నిలబడి నెమరు వేస్తుంటారు.

ఆ మూలపురుషుల్లో మొదటివాడు ఎం-47. అది రికార్డుల్లో పేరు. వాణ్ని దూడగా ఉన్నప్పటినుంచీ పెంచిన అసిరయ్య మాత్రం తవుడు అని పిలుస్తాడు. అసిరయ్య పదకొండేళ్లుగా రోజుకూలీ మస్టరు మీద ఉన్నాడు. నోట్లో చుట్ట, ఒంటికి దోమలు కుట్టకుండా వేపనూనె, భుజాన తువ్వాలు. అసిరయ్య వస్తున్నాడంటే మలుపు తిరగకముందే మా వీధికి తెలిసిపోతుంది. తవుడుకీ అంతే. ఎనిమిది వందల కిలోల జంతువు ఆ తువ్వాలు వెనకాల పెళ్లికూతురు అడుగులేసుకుంటూ సేకరణ షెడ్డుకు నడిచి వెళ్లేది. తాడు పట్టుకున్నట్టు కనిపించడం కేవలం మర్యాద కోసం.

ఇలా ఉండగా మా ఆయన హెడ్డాఫీసులో రెండురోజుల సెమినార్‌కు వెళ్లొచ్చారు. వాళ్లిచ్చిన గుడ్డసంచీ నేను కూరగాయలకు తీసుకున్నాను. అందులో ఒక పుస్తకం, ఆయన నోట్సు రాసుకున్న పుస్తకం ఉంటే తీసి ఫ్రిజ్ మీద పెట్టాను. ఆయన మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, గొప్ప రహస్యం చెప్పినట్టు చెప్పారు.

"వీర్యకణానికి వాసన తెలుస్తుందట."

మంచిదే కదా అన్నాను. ఇంట్లో ఎవరో ఒకరికి తెలియాలి కదా అని కూడా అనబోయి మానేశాను. ఆయనకు ఆ పూట ముద్ద దిగలేదు. గత సంవత్సరం మా కేంద్రం సూదులు వేసిన గేదెల్లో చూడి కట్టే శాతం మూడు తగ్గింది. ఎందుకు తగ్గిందని పైనుంచి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. జవాబు ఇప్పుడు దొరికింది. ఎక్కడో లోపల అండం కూర్చుని వాసనతో కబురు పంపుతుంది, ఇవతల కణం ఆ వాసన పట్టుకుని పోవాలి, పుట్టిన చోటే దానికి మల్లెపూలూ ఇంగువ పోపులూ అలవాటు చేస్తే రేపు అసలు వాసన ఎలా పోల్చుకుంటుంది అన్నది ఆయన వాదన.

నా పోపుకూ గేదె గర్భానికీ మధ్య ఒక గోడ, ఒక ప్రయోగశాల, నూట తొంభయ్యారు డిగ్రీల చలి, నలభై కిలోమీటర్ల మట్టిరోడ్డు ఉన్నాయి కదా అని గుర్తుచేశాను.

"నీది డిగ్రీ జువాలజీ," అన్నారు మా ఆయన జాలిగా. "ఇది లేటెస్టు."

మర్నాడే సర్క్యులరు వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, వీర్యకణముల మనోనిబ్బరమునకు భంగము కలిగించు సుగంధ, దుర్గంధ, తటస్థ గంధములను ప్రాంగణమందు పూర్తిగా నిషేధించడమైనది." తటస్థ గంధం అంటే ఏమిటని ఎవరో అడిగితే, అది ఏదో తేల్చడానికి ఉపసంఘం వేశారు. ప్రయోగశాల ఆడపిల్లలు పూలు మానేశారు. దేవుడి పటం ముందు అగరొత్తులు వెలిగించకుండా చూపించి డబ్బాలో పెట్టేయడం మొదలైంది.

క్వార్టర్సు కూడా ప్రాంగణంలోనివే కనక రెండో సర్క్యులరు మా వంటింటికి వచ్చింది. సేకరణ జరిగే వేళల్లో, అంటే ఉదయం ఆరు నుంచి పదకొండు దాకా, పోపు వేయరాదు. వేయక తప్పనిచో ముందురోజు సాయంత్రంలోగా వంటకము పేరు, అందులో పడు దినుసులు, గాలి ఏ దిక్కుకు వీచునో అంచనా రాసి అనుమతి పొందవలెను. నేను శ్రద్ధగా రాశాను. "కందిపచ్చడి. ఎండుమిర్చి నాలుగు. గాలి గురించి నాకు తెలియదు, మా ఆయన్ను అడగగలరు." దరఖాస్తు అసంపూర్తిగా ఉందని తిరిగి వచ్చింది. కింద సంతకం మా ఆయనదే. దాన్ని కంచం పక్కనే పెట్టి, పచ్చడి లేని అన్నం వడ్డించాను.

వాసనలు కనిపెట్టడానికి ఒక మనిషి కావాలి కదా. గంధ పర్యవేక్షకుడి పోస్టు సీనియారిటీ ప్రకారం సీనియర్ అసిస్టెంటు పరాంకుశం గారికి దక్కింది. పరాంకుశం గారికి పద్దెనిమిదేళ్లుగా రొంప. ముక్కులో రెండుసార్లు ఆపరేషన్ అయింది. ఆయనకు వాసన తెలియదన్న సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, కానీ సర్వీసు రిజిస్టరులో రాసి లేదు కనక లెక్కలోకి రాదు. ఆయన రోజుకు మూడుపూటలా ప్రాంగణమంతా తిరిగి, ప్రతి గుమ్మం ముందూ నిలబడి గాలి పీల్చి, రిజిస్టరులో "వాసన లేదు" అని రాసేవారు. వాచ్‌మన్ ఇంట్లో ఎండునెత్తళ్లు వేగుతున్నప్పుడు కూడా వాళ్ల గుమ్మంలోనే నిలబడి అదే మాట రాశారు. పదిహేను రోజుల్లో మా కేంద్రం నూటికి నూరుపాళ్లు వాసనరహితమైంది. ఆ రిజిస్టరు చూసి హెడ్డాఫీసు డైరెక్టరు గారు అభినందన లేఖ పంపారు. ఇదే పద్ధతి రాష్ట్రంలోని కేంద్రాలన్నిటికీ, దరిమిలా పాడిగేదెలున్న గ్రామాలన్నిటికీ విస్తరించే ఆలోచన ఉందని అందులో రాశారు.

అక్కడితో ఆగితే నేను ఈ కథ రాసేదాన్ని కాదు. పోపు లేకుండా బతకవచ్చు. కానీ అభినందన అందుకున్న మనిషి ఆగడు. మూడో సర్క్యులరు పశువుల శాలకు వెళ్లింది. పేడ పడిన మూడు నిమిషాల్లో ఎత్తేయాలి. పోతులకు వాసన లేని సబ్బుతో రెండుపూటలా స్నానం. వాటికి ఉత్సాహం కోసం షెడ్డులో ఎదురుగా నిలబెట్టే పోతుకు ఒళ్లంతా ప్లాస్టిక్ పట్టా. కాపరులకు ఆసుపత్రిలో వేసుకునే నిలువెల్లా తెల్ల ప్లాస్టిక్ ముసుగు, చేతులకు తొడుగులు. అసిరయ్య చుట్టల కట్ట, వేపనూనె సీసా, తువ్వాలు పంచనామా రాసి స్వాధీనం చేసుకున్నారు. వాటిని గాలి చొరకుండా భద్రపరచాలి. అందుకు తగిన పాత్ర ఆఫీసులో లేదు, కొనాలంటే మూడు కొటేషన్లు కావాలి. అందుకని మా ఇంట్లోని పెద్ద ఆవకాయ జాడీని రసీదిచ్చి పట్టుకుపోయారు. మూతకు లక్కతో సీలు వేసి, నలుగురు సంతకాలు చేసి, మా ఆయన గదిలో బీరువా మీద పెట్టారు.

మర్నాడు పొద్దున తెల్ల ముసుగులో ఉన్న అసిరయ్య వెళ్లి "రా తవుడూ" అన్నాడు. తవుడు చూశాడు. గొంతు తెలిసినట్టే ఉంది, మనిషే ఎవరో. మెడ చాపి ముట్టెతో ఆ ప్లాస్టిక్‌ను పైనుంచి కిందిదాకా వాసన చూసి, ఏమీ దొరక్క, వెనక్కి తిరిగి గోడకేసి మొహం పెట్టుకున్నాడు. ఆరోజు కదల్లేదు. మర్నాడూ కదల్లేదు. మిగతా పోతులు మొహమాటానికి వారానికోసారి పని కానిచ్చేవి. తవుడు మాత్రం మేత కూడా సగానికి తగ్గించి, ఇరవై మూడు రోజులు గోడను చూస్తూ నిలబడ్డాడు.

ఇరవై మూడోనాటి మధ్యాహ్నం అసిరయ్య మా పెరటి గుమ్మం దగ్గరకొచ్చి కూర్చున్నాడు. మంచినీళ్లిస్తే తాగలేదు.

"ఆడికి నా వోసనే ఆనవాలమ్మా," అన్నాడు. "కళ్లు సరిగ్గా ఆనవు ఆడికి, సిన్నప్పట్నుంచీ అంతే. తవుడు నన్ను పోల్చుకోలేదు."

ఎందుకు వచ్చాడో అప్పుడు చెప్పాడు. ఆఫీసులో లెక్క తేలిపోయింది. వాసనలు లేవని రిజిస్టరు చెప్తోంది. పరిస్థితులు ఆదర్శంగా ఉన్నాయి. అయినా ఎం-47 పని చేయడం లేదంటే లోపం ఎం-47ది. కనక దాన్ని పనికిరానిదిగా తీసేసి వేలం వేస్తారు. ముసలి దున్నపోతుల వేలానికి వచ్చేవాళ్లు వాటిని ఏ పనికి తీసుకుపోతారో మా ఊళ్లో అందరికీ తెలుసు. అసిరయ్య మస్టరు ఆ పోతు పేరుమీదే ఉంది కాబట్టి అతనూ ఆరోజుతో ఆఖరు. అతను ఆ రెండోదాని గురించి పెద్దగా మాట్లాడలేదు.

రాత్రి భోజనాల దగ్గర నేను ఆ మాట ఎత్తాను. మా ఆయన నిబంధన సరైనదనీ, దున్నపోతు మానసికంగా బలహీనమైనదనీ అన్నారు. అప్పుడు ఫ్రిజ్ మీంచి ఆ సెమినార్ పుస్తకం తీశాను. చిక్కుళ్లు వొలుస్తూ రెండు మధ్యాహ్నాల్లో చదివేశాను దాన్ని. అందులో ఉన్నది చాలా చక్కటి సంగతి. వీర్యకణానికి ముక్కూ లేదు, గాలితో పనీ లేదు. అండం చుట్టూ ఉండే వేరే కణాలు ఒక రసాయనాన్ని వదుల్తాయి. అది అక్కడి ద్రవంలో కరిగి, దగ్గరికి వెళ్లేకొద్దీ చిక్కబడుతుంది. ఈదుతున్న కణాన్ని అది తాకగానే తోకలోకి కాల్షియం చొరబడి, తోక కొట్టే తీరు మారి, అది పక్కకు మళ్లుతుంది. అలా మళ్లుతూ మళ్లుతూ చేరుతుంది. అదీ పదింట ఒకదానికే ఆ కబురు అందుకునే సన్నద్ధత ఉంటుంది, అదీ కాసేపే. ఈ లెక్క చదివినప్పుడు నాకు ఏ ఆఫీసు గుర్తొచ్చిందో చెప్పనక్కర్లేదు. మన ముక్కులో వాసన పట్టే ఏర్పాటు లాంటిదే ఆ కణాల మీద కూడా కొంత కనబడింది కనక, ప్రయోగశాలలో ఒక విదేశీ తెల్లపువ్వు వాసన గల పదార్థాన్ని ద్రవంలో కలిపి చూశారట. అందుకని వాసన అనే పోలిక వచ్చింది. పుస్తకంలో ఆ పువ్వు బొమ్మ కూడా ఉంది.

పక్కనే ఆయన నోట్సు తెరిచి చూశాను. "భోజనానంతర సమావేశము. వీర్యకణములు రసాయన" అని రాసి, అక్కడినుంచి పెన్ను గీత మెల్లగా వంపు తిరిగి, పేజీ అంచుదాకా జారిపోయింది. కింద చాలా ఖాళీ. తర్వాత స్ఫుటమైన అక్షరాలతో "వాసన. పువ్వు. అతి ముఖ్యము" అని మూడు గీతలు.

మధ్యలో ఏమయిందని అడిగాను. మా ఆయన ఆ పేజీని చాలాసేపు చూసి, పెన్నులో ఇంకు సరిగ్గా రాలేదనీ, ముందు నన్ను మజ్జిగ వడ్డించమనీ అన్నారు.

వేలానికి కాగితాలు నడుస్తున్నాయి. పోతును తీసేసే ఫారం ఆఫీసులో అయిపోతే ఉద్యోగిని తీసేసే ఫారమే వాడారు. అందులో "సంజాయిషీ కోరడమైనదా?" అని ఒక గడి ఉంది. గడి ఖాళీగా ఉంటే ఫైలు పైకి వెళ్లదని పరాంకుశం గారు పట్టుబట్టారు. కనక తవుడుకి మెమో టైపు చేశారు. "ఎం-47 అగు మీరు గత ఇరువది మూడు దినములుగా విధులయందు అలసత్వము వహించి, గోడవైపు తిరిగి నిలబడి, పై అధికారుల పట్ల నిర్లక్ష్యము ప్రదర్శించుచున్నారు. ఏడు దినములలోగా సంజాయిషీ ఇవ్వనిచో ఏకపక్షముగా చర్య తీసుకొనబడును." పరాంకుశం గారు శాలకు వెళ్లి గొంతు సవరించుకుని రెండుసార్లు చదివి, కాగితం ముందుకు చాచారు. తవుడు తిన్నాడు. రిజిస్టరులో "నోటీసు స్వయముగా స్వీకరించెను" అని రాశారు. ఏడు రోజుల తర్వాత "సంజాయిషీ అందలేదు" అని రాశారు.

వేలం ఫైలు మీద సంతకం పెట్టడానికీ, మా కేంద్రాన్ని రాష్ట్రంలోనే మొట్టమొదటి వాసనరహిత ప్రాంగణంగా ప్రకటించడానికీ ఒకే ముహూర్తం కుదిరింది. డైరెక్టరు గారు ముగ్గురు సభ్యులతో సోమవారం వస్తున్నారని కబురొచ్చింది.

శుక్రవారం నేనొక దరఖాస్తు పెట్టుకున్నాను. ఆవకాయ కాలం సమీపించినందున నా జాడీ నాకు ఇప్పించవలసిందిగా ప్రార్థన. స్వాధీనపు వస్తువుల గురించి మా ఆయన స్వయంగా రాసిన నిబంధన పదకొండు ప్రకారం, సీలు తీయాలంటే పై అధికారి, జాడీ సొంతదారు, వస్తువుల సొంతదారు, "సంబంధిత జంతువు" ఒకేచోట హాజరుండాలి. పై అధికారి సోమవారమే వస్తున్నారు కనక ఆరోజే అనుకూలమని కూడా రాశాను. పరాంకుశం గారు దాన్ని నాలుగుసార్లు చదివి, ఇంత నిర్దుష్టమైన దరఖాస్తు తన సర్వీసులో చూడలేదని మెచ్చుకుని, అనుమతి ముద్ర కొట్టారు.

సోమవారం డైరెక్టరు గారికంటే ముందు ఆయన సెంటు కారు దిగింది. గేటు దగ్గర నిలబడ్డవాళ్లు ఒక్క అడుగు వెనక్కి వేశారు. పరాంకుశం గారు ఆయన ఎదుట నిలబడి గట్టిగా పీల్చి, రిజిస్టరులో రాశారు. డైరెక్టరు గారు అది చదివి సంతోషించారు. తర్వాత ఉపన్యాసం ఇచ్చారు. ఇది కేవలం ప్రాంగణం కాదనీ, ఒక దృక్పథమనీ, వాసన లేని సమాజమే మన అంతిమ లక్ష్యమనీ అన్నారు. మా ఆయన తల ఊపారు. నేను కూరగాయల సంచీ పట్టుకుని ఒక పక్కన నిలబడ్డాను. దాంట్లో ఒక ఆనపకాయ, ఆయన నోట్సు పుస్తకం ఉన్నాయి.

తవుణ్ని ఆరుగురు కలిసి నెట్టి తెచ్చి, ప్రాంగణంలో పెట్టిన జాడీ ఎదురుగా నిలబెట్టారు. వాడు వచ్చీ రావడంతోనే, గోడ ఎక్కడుందో చూసుకుని అటు తిరిగాడు. సీలు పరీక్షించారు. సంతకాలు సరిపోయాయి. మా ఆయన లక్క పగలగొట్టి మూత తీశారు.

నెల రోజులు మూతవేసిన చుట్టపొగాకు, వేపనూనె, పదకొండేళ్ల చెమట, అడుగున పాత ఆవకాయ ఘాటు, అన్నీ కలిసి ఒక్కసారి బయటికొచ్చాయి. డైరెక్టరు గారి సెంటు దాని ముందు నిలవలేకపోయింది. సభ్యులు జేబురుమాళ్లు వెతుక్కున్నారు. పరాంకుశం గారు రిజిస్టరు తీశారు.

తవుడు చెవులు నిక్కబొడుచుకున్నాయి. మెల్లగా ఇటు తిరిగాడు. తల పైకెత్తి, పై పెదవి మడిచి, చిగుళ్లు బయటపెట్టి గాలి లోపలికి లాగాడు. అసిరయ్య ఎవరినీ అడక్కుండా ముసుగు ఊడదీసి కింద పడేసి, జాడీలోంచి తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. షెడ్డు వైపు నడిచాడు. ఎనిమిది వందల కిలోలూ అతని వెనకే వెళ్లాయి.

షెడ్డులో ఏం జరిగిందో గృహిణిగా నేను రాయకూడదు. ప్రయోగశాలలో జరిగింది రాయవచ్చు. అరగంట తర్వాత ఒక్క చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి, టీవీ తెరమీద చూపించారు. జాడీని కూడా తెచ్చి ఆ బల్లమీదే తెరిచి పెట్టారు. డైరెక్టరు గారు సెంటు చొక్కాతో కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు. తెరమీద వేలకొద్దీ కణాలు తిరునాళ్లలో జనంలా, ఎవరి తోవన వాళ్లు, మహా హుషారుగా ఈదుతున్నాయి. చుట్ట వైపు ఒక్కటీ మళ్లలేదు. ఆవకాయ వైపు మళ్లలేదు. డైరెక్టరు గారి సెంటును కూడా లెక్కచేయలేదు. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు నాకనిపించింది. ప్రయోగశాల అమ్మాయి మెల్లగా, ఈ ఏడాదిలో ఇంత మంచి శాంపిల్ రాలేదని చెప్పింది.

"మరి ఆ సెమినార్లో శాస్త్రవేత్త చెప్పింది ఏమిటయ్యా?" అన్నారు డైరెక్టరు గారు.

మొదటి సభ్యుడు రెండో సభ్యుడి వైపు చూశాడు. రెండో ఆయన తాను రాసుకోలేదనీ, మూడో ఆయన రాసుకుంటుండగా చూశాననీ అన్నాడు. మూడో ఆయన తాను మొదటిరోజు మాత్రమే హాజరయ్యానన్నాడు. అందరూ కలిసి మా ఆయన వైపు చూశారు. ఆయన నా వైపు చూశారు. తర్వాత నా చేతిలో సంచీ వైపు చూశారు.

నేను ఆనపకాయను కొంచెం పైకి జరిపి సంచీ మూతి మూసుకున్నాను. ఇంట్లో అనడానికి దాచుకున్నవి బయట అనకూడదు.

మా ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అదిలేని ముక్కు పాపం చాలా ఒంటరిగా కనిపించింది.

"నేను నిద్రపోయానండి," అన్నారు. "భోజనం తర్వాత సెషను. లేచేసరికి తెరమీద పువ్వుంది."

డైరెక్టరు గారు ఎటో చూస్తూ అన్నారు.

"మీరు మేలుకుని ఉన్నారన్న ధైర్యంతోనే కదయ్యా నేను పడుకున్నది."

వేలం ఫైలు ఆయన ముందే ఉంది. ఆయన దాన్ని మూసి, ఎవరికీ ఇవ్వకుండా తన కుర్చీ కింద పెట్టుకున్నారు. మా ఆయన బయటికి నడిచారు. వెనకాలే నేనూ వెళ్లాను. షెడ్డు ముందు అసిరయ్య తువ్వాలుతో తవుడు మెడ రుద్దుతున్నాడు. వాడు కళ్లు మూసుకుని, ముట్టె అసిరయ్య చంకలో దూర్చి నిలబడ్డాడు.

మా ఆయన రెండుసార్లు దగ్గారు. ఆఫీసరు దగ్గితే సర్దుకుని నిలబడాలని అసిరయ్య తువ్వాలు వెనక దాచుకోబోయాడు.

"దాచక్కర్లేదు," అన్నారు మా ఆయన. "తవుడు తప్పేం లేదు, అసిరయ్యా. తప్పు నాది."

పదకొండేళ్లలో ఆ ప్రాంగణంలో అలాంటి వాక్యం అసిరయ్య ఎన్నడూ వినలేదు. తవుడు వైపు తిరిగాడు.

"ఇన్నావేట్రా? తప్పు తనదేనంతన్నారు బాబుగోరు."

తవుడు కళ్లు తెరవలేదు. వాడు వినలేదనుకున్నారో ఏమో, మా ఆయన ఈసారి ఒకడుగు దగ్గరకు వేసి, చెవి దగ్గర కొంచెం గట్టిగా అన్నారు.

"నాదే."